నియమమునకు అందని అర్థము

యంత్రమునకు మనస్సు కలుగునా యను ప్రశ్న నేడు రచ్చబండ మొదలుకొని శాసనసభ వరకు అందఱి నోటను వినబడుచున్నది. మనము వ్రాసిన వాక్యమునకు క్షణములో బదులు వ్రాసి, పద్యమడిగిన పద్యమును, లెక్క యడిగిన లెక్కను ఒప్పగించు యంత్రములు చేతిలోని ఫోనులోనికే వచ్చిన పిదప ఈ ప్రశ్న పండితుల సొత్తుగా మిగిలియుండజాలదు. ఐనను, దీనికి సంబంధించిన మూలవిచారణలో అధికభాగము ఈ యంత్రములు పుట్టుటకు చాల ముందే, గణితమును విజ్ఞానశాస్త్రమును కలిపి మథించిన కొందఱు దార్శనికుల గ్రంథములలో జరిగినది. వారిలో హార్వర్డు విశ్వవిద్యాలయమున ప్రొఫెసరుగా నుండిన హిలరీ పుట్నమ్ అగ్రగణ్యుడు. మనస్సును గణనయంత్రముతో పోల్చి ఒక సిద్ధాంతమును నిర్మించి, తత్త్వశాస్త్రలోకములో దానికి గొప్ప ఆదరణ కలిగిన తరువాత, అది నిలువదని తానే నిరూపింప బూనిన మహనీయు డాయన.

పుట్నమ్ 1926 జూలై 31వ తేదీన చికాగో నగరమున జన్మించెను. తండ్రి శామ్యూల్ పుట్నమ్ పాత్రికేయుడు. సెర్వాంటెస్ రచించిన స్పానిష్ నవల డాన్ కిహోటేను ఆంగ్లములోనికి తెచ్చి పేరొందిన అనువాదకుడు. బాల్యమున కొంతకాలము ఫ్రాన్సులో గడచిన పిమ్మట కుటుంబము ఫిలడెల్ఫియాకు చేరెను. అచ్చటి ఉన్నత పాఠశాలలో ఆయనకంటె ఒక తరగతి వెనుక చదువుచుండిన బాలుడే కాలక్రమమున భాషాశాస్త్రపు త్రోవనే మార్చిన నోమ్ చామ్‌స్కీ. హిట్లరు పాలనవలన జర్మనీని విడువవలసివచ్చి, తుదకు లాస్ ఏంజెలిస్‌లో స్థిరపడిన హాన్స్ రైఖెన్‌బాక్ అను దార్శనికుని కడ పుట్నమ్ సంభావ్యతను గూర్చి పరిశోధించి 1951లో డాక్టరేటు పొందెను. ప్రిన్స్‌టన్‌లోను, మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలోను బోధించి, 1965 నుండి 2000 వరకు హార్వర్డులో పనిచేసెను.

ఆయన గణితమునకు చేసిన సేవతోనే ప్రారంభింపవలెను. ఏలయన తరువాతి తత్త్వవిచార మంతయు ఆ భూమిలోనే వేరూనినది. 1900లో జర్మను గణితాచార్యుడు డేవిడ్ హిల్బర్ట్ రాబోవు శతాబ్దమునకు అప్పగించిన 23 సమస్యలలో పదియవది ఇట్టిది: పూర్ణసంఖ్యలే గుణకములుగా గల బహుపద సమీకరణము దేనినిచ్చినను, దానికి పూర్ణసంఖ్యలలో సాధన కలదో లేదో పరిమితమైన మెట్లలో తేల్చి చెప్పు ఒకే యొక పద్ధతి కావలెను. ఇట్టి సమీకరణములు మన దేశమునకు క్రొత్తవి కావు. ఒక వర్గసంఖ్యను 61తో గుణించి ఒకటి కూడినచో మరల వర్గసంఖ్యయే రావలెనన్న ప్రశ్నను పండ్రెండవ శతాబ్దమున భాస్కరాచార్యుడు తన బీజగణితములో వేసి, చక్రవాళమను పద్ధతిచే సాధించెను. అతి చిన్నదైన సాధనలోనే మొదటి వర్గమూలము 226153980, రెండవది 1766319049. చూచుటకు ఇంత కుఱచైన ప్రశ్నలో ఇంత పెద్ద సమాధానము దాగియుండుట గమనించినవారికి, ఇంకను వెదకిన దొరకునేమో యను ఆశకును, ఎంత వెదకినను దొరకదను నిశ్చయమునకును నడుమ గల అగాధము చక్కగా బోధపడును.

1957లో కార్నెల్ విశ్వవిద్యాలయమున జరిగిన వేసవి తర్కసదస్సులో పుట్నమ్‌కు మార్టిన్ డేవిస్ అను యువ తార్కికుడు తటస్థపడెను. హిల్బర్ట్ కోరిన పద్ధతి ఉండనేరదని డేవిస్ అప్పటికే అనుమానించుచుండెను. ఇరువురును కలిసి పనిచేసి, ఘాతములలో సైతము అజ్ఞాతసంఖ్యలుండు సమీకరణముల విషయమున ఆ యనుమానము సత్యమేనని చూపగలిగిరి. కాని ఆ నిరూపణ ప్రధానసంఖ్యలను గూర్చి అప్పటికి రుజువుకాని ఒక ఊహపై ఆధారపడియుండెను. అంతకుముందే ఈ మార్గమున చాల దూరము నడచియుండిన జూలియా రాబిన్సన్ అను విదుషి ఆ ఊహతో పనిలేకుండ నిరూపణను సంస్కరించెను. మువ్వురి పేర 1961లో వెలువడిన ఆ వ్యాసము సమస్యను ఇక ఒక్క అడుగు దూరమున నిలిపినది. ఆ కడపటి అడుగును 1970లో లెనిన్‌గ్రాడ్‌కు చెందిన యూరీ మతియసేవిచ్ వేసెను. అప్పటి కాతని వయస్సు 22 ఏండ్లు. హిల్బర్ట్ అడిగిన పద్ధతి లేదు, ఇకముందు పుట్టబోదు. ఒక నియమము ఎంత సూక్ష్మమైనదైనను, ఎంత శక్తిమంతమైన యంత్రము దానిని నడపినను, అది చేరజాలని సత్యములు సామాన్య పూర్ణసంఖ్యలలోనే కలవని లోకమునకు తెలిసెను.

డేవిస్, పుట్నమ్‌లు కలిసి పనిచేసిన కాలముననే ఆ మిత్రులిరువురును నియమమునకు అసాధ్యమైనదానిని మాత్రమే గాక సాధ్యమైనదానిని గూడ అన్వేషించిరి. అనేక నిబంధనలుండి, ప్రతి నిబంధనయు కొన్ని వాక్యములు సత్యములో అసత్యములో కావలెనని కోరునప్పుడు, అన్నిటిని ఏకకాలమున తృప్తిపఱచు మార్గము కలదా యని పరీక్షించు ఒక పద్ధతిని వారు 1960లో ప్రకటించిరి. 1962లో డేవిస్, లోగెమన్, లవ్‌లాండ్ అనువారు దానిని కంప్యూటరుపై నడుపుటకు అనువుగా సంస్కరించిరి. కంప్యూటరు చిప్పుల రూపకల్పనలో దోషము లున్నవో లేవో పరీక్షించు ప్రోగ్రాములు నేటికిని ఆ వంశమునకే చెందినవి. పుట్నమ్ మరణించిన 2016లోనే, ఈ వంశపు ప్రోగ్రాములు 1 నుండి 7825 వరకు గల సంఖ్యలను రెండు రంగులలో నెట్లు పంచినను, మొదటి రెండింటి వర్గముల మొత్తము మూడవదాని వర్గమునకు సమమగు మూడు సంఖ్యలు ఏదో యొక రంగులో కూడి పడక తప్పదని నిరూపించినవి. ఆ నిరూపణ 200 టెరాబైట్ల పరిమాణము గలది. మనుష్యుడు జీవితకాలమంతయు కూర్చుండినను చదువజాలని రుజువది. తత్త్వాచార్యుడొకడు కృత్రిమమేధకు ఇచ్చిన ఈ కానుకను గూర్చి సామాన్యపాఠకులు వినుట అరుదు. అందువలననే యిచ్చట కొంత తడసితిని.

నా దృష్టిలో ఆయన యంత్రవిచారణ కంతటికిని మకుటాయమానమైనది 1963లో వెలువడిన ఒక వాదము. చూచిన దృష్టాంతములనుండి చూడనివానిని ఊహించుటకు గణితశుద్ధమైన నియమమును నిర్మింపగలమని రుడోల్ఫ్ కార్నప్ అను మహాదార్శనికుడు ఆశించెను. పుట్నమ్ ఆయనయెడ గౌరవముంచుచునే యిట్లు విచారించెను. సున్నలు, ఒకట్లు గల వరుసను చూచి తరువాతి అంకె ఏదో ముందుగా చెప్పు యంత్రమొకటి కలదనుకొందము. దాని లోపలి నియమము మనకు తెలిసినచో, ప్రతి మెట్టునను అది ఏమి చెప్పునో మనమే లెక్కించి, దానికి విరుద్ధమైన అంకెను వరుసలో చేర్చుచు పోవచ్చును. అట్లు పుట్టిన వరుస యాదృచ్ఛికమైనది గాదు. దానిని పుట్టించు నియమము స్పష్టముగా కలదు, మఱియొక యంత్రము దానిని సులభముగా లెక్కింపగలదు. కాని మన మొదటి యంత్రము మాత్రము ఆ వరుసయం దడుగడుగునను తప్పుచునే యుండును. కావున, లోకములోని నియమముల నన్నిటిని నేర్వగల సర్వజ్ఞమైన అభ్యాసయంత్రము ఉండనేరదు. ఇంత చిన్న వాదములో ఇంత లోతు! నేడు యంత్రములకు నేర్పుటనే వృత్తిగా గైకొన్నవారు, తాము యంత్రమున కిచ్చు దత్తాంశముతోబాటు ఎన్నెన్ని పూర్వభావనలను తెలియకయే దాని కందించుచున్నారో ఎఱుగుటకు ఈ వాదము మంచి ప్రవేశద్వారము.

విజ్ఞానశాస్త్రమును గూర్చి ఆయన పట్టు వేఱొక తీరున నుండెను. ఎలక్ట్రాను, జన్యువు మొదలగు కంటికి కనబడని వస్తువులు నిజముగా నున్నవా, లేక లెక్క కుదురుటకై శాస్త్రజ్ఞులు కల్పించుకొన్న సంకేతములా యను వివాదమున, అవి లేవన్నచో శాస్త్రము పదే పదే ఫలించుట అద్భుతమని చెప్పి ఊరకుండవలసివచ్చునని ఆయన వాదించెను. ఈ తర్కమునే గణితమునకును వర్తింపజేసెను. రెండు వస్తువుల నడుమ గల ఆకర్షణబలము వాని ద్రవ్యరాశుల లబ్ధమును, దూరవర్గమును అనుసరించి యుండునన్న న్యూటను నియమమును సంఖ్యలు లేకుండ చెప్పుటయే కుదరదు. భౌతికశాస్త్రము సత్యమని నమ్మి, దానిలో విడదీయరాకుండ అల్లుకొన్న గణితము మాత్రము కల్పనయనుట యుక్తిహీనము. హార్వర్డులోని తన సహచరుడగు క్వైన్‌తో కలిపి నేటికిని తత్త్వశాస్త్ర విద్యార్థులు చదువు ప్రసిద్ధవాద మిది. గణితము సైతము కొంతవరకు అనుభవముచే పరీక్షింపబడు విద్యయేనని ఆయన తలంచెను.

ఇక మనస్సు. 1950 దశకము చివర, మనస్సన మెదడే, నొప్పియన మెదడులోని ఒక నాడీప్రక్రియయే యను మతము ఆస్ట్రేలియా దార్శనికులచే ప్రబలియుండెను. గణనయంత్రముల సిద్ధాంతము కరతలామలకమైన పుట్నమ్ కిందు ఒక లోపము గోచరించెను. గణితవేత్త అలన్ ట్యూరింగ్ వర్ణించిన యంత్రమును రెండు విధముల వర్ణింపవచ్చును. అది ఇప్పుడేస్థితిలో నున్నది, ఈ గుర్తును చూచినచో ఏస్థితికి మాఱును అనునది ఒక వర్ణన. అది ఇనుముతో చేసినదా, విద్యుత్పరికరములతో చేసినదా యనునది వేఱొకటి. మొదటి వర్ణనకు రెండవదానితో ముడి లేదు. 1960లో ప్రకటించిన మైండ్స్ అండ్ మెషీన్స్ అను వ్యాసమున ఆయన ఈ భేదమును చూపి, మనస్సునకును శరీరమునకును గల సంబంధమును గూర్చి శతాబ్దములుగా సాగు చిక్కుప్రశ్న యంత్రము విషయమునను అదే రూపమున పుట్టగలదనెను. 1967 నాటికి ఆ యాలోచన పూర్ణరూపము దాల్చెను. మనుష్యుని మెదడునకును అష్టపాది మెదడునకును నిర్మాణసామ్యము మిగుల తక్కువ. ఐనను రెండింటికిని నొప్పి కలుగునని మనము నమ్ముదుము. కావున నొప్పి అనునది ఫలానా పదార్థము కాదు. దెబ్బను గ్రహించి, ఇతర మనోవృత్తులతో కలసి, తప్పించుకొను చేష్టను పుట్టించు ఒక క్రియాస్థానము. ఆ క్రియ జరిగినచో అది మాంసములో జరిగినను, లోహములో జరిగినను ఒక్కటే. కృత్రిమమేధ పరిశోధకులకు ఇంతకంటె గొప్ప ఆశ్వాసము తత్త్వశాస్త్రమునుండి మఱియొకటి లభింపలేదు.

కాని 1975లో ప్రకటించిన దీర్ఘవ్యాసమొకటి ఆయనకు తెలియకయే ఈ భవనపు పునాదిని కదల్చినది. అందులో ఆయన భూమిని అన్నివిధముల పోలిన మఱియొక భూమిని ఊహించెను. అచ్చట నదులలో పాఱునది, వానగా కురియునది, దాహము తీర్చునది మన నీటివలెనే యుండును గాని దాని రసాయననిర్మాణము పూర్తిగా వేఱు. కాలము 1750, రెండు భూములలోను ఆ రసాయనరహస్యము తెలిసినవాడు లేడు. ఇచ్చటి మనుష్యుడును, అచ్చట అతనిని అచ్చుగుద్దినట్లు పోలిన మనుష్యుడును నీరు అన్నప్పుడు ఇరువురి తలలలోని భావములు ఒక్కటే. కాని వారి మాటలు సూచించు వస్తువులు వేఱు. అనగా అర్థము తలలోపల మాత్రమే ఉండునది గాదు. మన చుట్టును గల ప్రపంచము దానిని నిర్ణయించుటలో పాలుపంచుకొనును.

ప్రపంచము మాత్రమే కాదు, సంఘమును. నల్లమద్ది, తెల్లమద్ది అను రెండు పేర్లను ఎఱిగియు, అడవిలో వానిని గుర్తింపజాలనివారు మనలో ననేకులు. ఐనను ఆ పేర్లతో మనము రెండు వేఱు వృక్షములను గూర్చియే మాటలాడుచున్నాము. అడవినెఱిగినవారి జ్ఞానము మన మాటకు అండగా నిలుచుటయే దానికి కారణము. బంగారము అను మాటను అందఱును వాడుదురు. గీటురాయిపై గీచి మేలుకీడులు తేల్చువారు కొందఱే. భాషలోను ఇట్టి పనివిభజన కలదని పుట్నమ్ చూపెను. శబ్దమునకును అర్థమునకును గల సంబంధము ఎక్కడిదని మన మీమాంసకులును నైయాయికులును శతాబ్దముల తరబడి వాదించిరి. ఆ వాదముల రుచి యెఱిగిన పాఠకునకు పుట్నమ్ పరాయివాడుగా తోచడు.

1981లో వెలువడిన రీజన్, ట్రూత్ అండ్ హిస్టరీ అను గ్రంథపు మొదటి అధ్యాయము నేటి యంత్రములకై వ్రాసినట్లుండును. ఇసుకలో ప్రాకుచు పోవు చీమ విడిచిన చాళ్లు దైవవశమున విన్‌స్టన్ చర్చిల్ ముఖమువలె కనబడినవనుకొందము. చీమ చర్చిల్ చిత్రమును గీచినదందుమా? చీమ చర్చిల్‌ను ఎఱుగదు. గీయవలెనను తలంపును లేదు. పోలికయొక్కటే సూచనకు చాలదు. తరువాత ఆయన, యంత్రము మాటలాడుటలో మనుష్యుని పోలునా యని చూచుటకు ట్యూరింగ్ ప్రతిపాదించిన సంభాషణపరీక్షను తీసికొనెను. కన్ను, చెవి, చేయి లేక, మాటకు మాట చెప్పు నియమములు మాత్రమే గల యంత్రములు రెండింటిని ఎదురెదురుగ నుంచినచో, అవి ఆపిలుపండ్లను గూర్చియు పొలములను గూర్చియు చక్కగా ముచ్చటించుకొనవచ్చును. మఱుక్షణమున ఆ పండ్లు, ఆ పొలములు, మిగిలిన లోకమంతయు మాయమైనను వాని ముచ్చట ఆగదు, మాఱదు. వస్తువును చూచి మాటకు వచ్చు త్రోవ లేదు. మాటనుండి చేతకు పోవు త్రోవ లేదు. అట్టి మాటలు దేనిని గూర్చినవి?

ఈ వివేకము వచ్చిన పిమ్మట తన పాత సిద్ధాంతమును ఆయన కాపాడుకొన జూడలేదు. 1988లో ప్రకటించిన రిప్రెజెంటేషన్ అండ్ రియాలిటీ అను గ్రంథమున, ఒకే విషయమును నమ్ము జనులందఱి తలలలోను ఒకే గణనస్థితి యుండవలెనన్న నియమము లేదని, అర్థము ప్రపంచముపైనను సంఘముపైనను ఆధారపడునప్పుడు మనస్సును కేవలము తలలోని ప్రోగ్రాముగా వర్ణింప వీలుకాదని వాదించి, తాను స్థాపించిన మతమునే ఖండించెను. ఆ యేడే వ్రాసిన వేఱొక వ్యాసమున కృత్రిమమేధ అప్పటివరకు మనస్సును గూర్చి నేర్పినది అత్యల్పమని తేల్చెను. మనుష్యుడు అనుభవమునుండి నేర్చుకొనుటకు కావలసిన సామ్యదృష్టి, లోకజ్ఞానము ఏ చిన్న సూత్రమునకును లొంగవని ఆయన భావము. డానియల్ డెనెట్ అను దార్శనికుడు ఆ వ్యాసము వెలువడిన పత్రికలోనే ఆయన నెదుర్కొనెను. ఆ వాదప్రతివాదములు నేటికిని చల్లాఱలేదు.

తన మతమును పలుమాఱులు మార్చుకొన్నవాడని పుట్నమ్‌ను ఆక్షేపించువారు కలరు. ఆక్షేపణలోని వాస్తవమును కాదనరాదు: క్వాంటం విజ్ఞానము తర్కశాస్త్రమునే మార్చునన్న తన పక్షమును ఆయన విడిచెను, సత్యమును మానవయుక్తికి లోబఱచిన తన మధ్యకాలపు సిద్ధాంతమును 1990 దశకమున విడిచెను, వియత్నాం యుద్ధకాలమున తాను చేరిన తీవ్రవామపక్షమును 1972లో వీడి, అందు చేరుట పొరపాటని తరువాత ఒప్పుకొనెను. కాని ప్రతి మార్పునకును కారణమును అచ్చువేసి లోకము ముందుంచెను; తన పూర్వపక్షమును తానే తీక్ష్ణముగ ఖండించెను. గురుపీఠమునెక్కినవారిలో ఇట్టి ధైర్యము మిగుల అరుదని నా నిశ్చితాభిప్రాయము.

నేటి భాషాయంత్రములకు ఆయన వాదమును వర్తింపజేయునప్పుడు తొందరపాటు కూడదు. అవి కోట్లకొలది మానవుల వ్రాతలనుండి నేర్చినవి. మనము నల్లమద్ది పేరును అడవినెఱిగినవారినుండి అరువు తెచ్చుకొన్నట్లే, అవి మన మాటల అర్థమును మననుండి అరువు తెచ్చుకొన్నవని ఒకడు వాదింపవచ్చును. అర్థము తలలో లేదన్న పుట్నమ్ సూత్రమే ఆ వాదికి ఆయుధమగును. ఈ వాదమున బలము కలదు. ఐనను ఒక భేదము నిలుచును. మనకు సందియము కలిగినచో అడవికి పోగలము, చెట్టును తాకగలము, గీటురాయిని అడుగగలము. తప్పు తేలినచో మాటను దిద్దుకొనగలము. మాటలనుండి మాటలకే పోవు యంత్రమునకు ఆ త్రోవ ఇతరులు కల్పింపవలసినదే. కనుక రోగమును గూర్చి గాని, చట్టమును గూర్చి గాని, పంటను గూర్చి గాని యంత్రము సొంపుగా పలికినంతమాత్రమున దానిని ప్రమాణముగా గైకొనుట తగదు. వస్తువును చేతబట్టి పరీక్షించినవాడు వెనుక నున్నాడా యని అడుగవలసినదే.

2011లో స్వీడన్ దేశపు రోల్ఫ్ షాక్ బహుమానము పుట్నమ్‌ను వరించెను. 2016 మార్చి 13వ తేదీన, 89 ఏండ్ల వయస్సున, మసాచుసెట్స్ రాష్ట్రములోని ఆర్లింగ్టన్‌లో ఆయన కన్నుమూసెను. హైదరాబాదులోను, విశాఖపట్టణములోను, సముద్రములకావలను కంప్యూటరు విద్యనభ్యసించుచున్న వేలాది తెలుగు విద్యార్థులకు నా విన్నపమొక్కటి. యంత్రమునకు నేర్పు విద్యతోబాటు, ఆ యంత్రమునకేమి తెలియునని అడుగు విద్యను గూడ చేపట్టుడు. చీమను, సంభాషించు యంత్రములను గూర్చిన ఆ 1981 నాటి అధ్యాయముతో మొదలిడుడు. దానికి గణితముతో పనిలేదు. మీలో రెండు భాషలయందును సమర్థులైనవా రెవరైన దానిని తెలుగులోనికి తెచ్చినచో, ఆంగ్లమెఱుగని పాఠకులును ఈ వాదమున పాల్గొనగలరు.